దూరపు ఉరుము

ఒక యువతి నదిలో స్నానమాడుచున్నది. గట్టున పచ్చని చెట్లు. నీరు నిర్మలముగా నున్నది. ఆమె తన చేతిని నీటిపై మెల్లగా కదల్చుచు ఆ చల్లదనమునకు సంతోషించుచున్నది. అంతలో ఆకాశమున నొక మ్రోత పుట్టును. తలయెత్తి చూడగా విమానములు బారులు తీరి పోవుచుండును. అవి ఎచ్చటికి పోవుచున్నవో, వాని కడుపులో నేమున్నదో ఆమె యెరుగదు. ఆకాశమున కొంగలబారు సాగినట్లున్నదని మాత్రము ఆమె ముచ్చటపడును.

1973వ సంవత్సరమున వెలువడిన 'అశని సంకేత్' అను వంగభాషా చలనచిత్రము ఈ విధముగా ఆరంభమగును. దానిని నిర్మించిన దర్శకుడు సత్యజిత్ రాయ్. అదే పేరుతో విభూతిభూషణ్ బందోపాధ్యాయ రచించిన నవల దానికి మూలము. రెండవ ప్రపంచ యుద్ధకాలపు కథ యిది. యుద్ధకథ యనగానే బాలురు ఫిరంగుల మ్రోతలను, కందకములను, గాయపడిన వీరులను చూడ నాశింతురు. ఈ చిత్రమున అట్టివేవియు లేవు. శత్రువు ముఖము ఒక్కమారైనను కనబడదు. ఆకాశమున పోవు ఆ విమానములే యుద్ధమునకు గుర్తు. అయినను చిత్రము ముగియునప్పటికి ఆ యుద్ధము ఒక పల్లెను సాంతముగా మ్రింగివైచును.

పేరును గూర్చి ఒక మాట చెప్పవలసియున్నది. 'అశని' యనగా పిడుగు. 'అశనిపాతము' అను మాట మన కావ్యములు చదివినవారికి క్రొత్త కాదు. పిడుగు పడబోవుచున్నదని తెలుపు సూచనయే అశనిసంకేతము. ఆంగ్లమున ఈ చిత్రమునకు 'దూరపు ఉరుము' అను అర్థము వచ్చునట్లు పేరు పెట్టిరి. తెలుగువానికి ఈ పేరు వినగానే మరియొక మాట కూడ స్ఫురింపక మానదు. 'అశనము' అనగా అన్నము. అశనికిని అశనమునకును ఏమి చుట్టరికమో వైయాకరణులు తేల్చుకొందురు గాక. ఈ కథలో మాత్రము అశనము లేకపోవుటయే అశని.

మూలకథను వ్రాసిన విభూతిభూషణుడు 1894లో పుట్టి 1950లో మరణించెను. ఆయన జీవితమున చాల భాగము బడిపంతులుగా గడిపినవాడు. పల్లెపట్టుల చెట్టుచేమలను, పేదయిండ్ల పొయ్యిలను ఆయన యెరిగినట్లు ఎరిగిన రచయితలు అరుదు. ఆయన 1929లో ప్రకటించిన 'పథేర్ పాంచాలీ' నవలనే గ్రహించి రాయ్ తన మొదటి చిత్రమును 1955లో తీసెను. ఇక 1943లో రాయ్ ఇరువదిరెండేండ్ల యువకుడు. కలకత్తాలో ఒక ప్రకటనల సంస్థలో అప్పుడే ఉద్యోగమున చేరినవాడు. ఆ యేడు పల్లెలనుండి వేలకు వేలు జనులు ఆ నగరమునకు నడచివచ్చి వీథులలో పడియుండిరి. వారు అన్నమడుగలేదు. అన్నము దొరకదని వారికి తెలియును. ఇంటింటి గుమ్మమున నిలిచి, వార్చిన గంజి పోయుడని ఏడ్చిరి. ఆ కేక విన్న తరము దానిని మరువలేకపోయినది. ముప్పదియేండ్లు గడచిన పిదప ఆ తరమువాడొకడు ఈ కథను తెరమీదికి తెచ్చెను.

కథానాయకుని పేరు గంగాచరణ చక్రవర్తి. సౌమిత్ర చటర్జీ ఆ పాత్రను ధరించెను. అతని భార్య అనంగ. ఆ పాత్రను బంగ్లాదేశమునకు చెందిన బబిత నటించినది. వారిరువురును క్రొత్తగా ఒక పల్లెకు వచ్చి కాపురముండిరి. ఆ యూరిలో బ్రాహ్మణకుటుంబము వారిదొక్కటే. చెట్టులేని చోట ఆముదపుచెట్టే మహావృక్షమను సామెత మనకు తెలియును. గంగాచరణుడు ఆ పల్లెకు పంతులు, పురోహితుడు, వైద్యుడు కూడ. బాలురకు అక్షరములు నేర్పును, పూజలు చేయించును, జబ్బు చేసినవారికి మందిచ్చును. ఊరివారు అతనికి బియ్యము, కూరలు, పండ్లు తెచ్చి యిత్తురు. చేతులు జోడించి నిలువబడుదురు.

'బ్రతుకలేక బడిపంతులు' అని మనవారందురు. గంగాచరణుడు మాత్రము బ్రతుకనేర్చిన బడిపంతులు. అతడు దుర్మార్గుడు కాడు. భార్యయందు ప్రేమ గలవాడు, మృదువుగా మాటలాడును, గొడుగు చంకన బెట్టుకొని నడచునప్పుడు అతనిని చూచిన నవ్వు వచ్చును గాని కోపము రాదు. అయితే తనకు తెలిసిన నాలుగు ముక్కలు ఊరివారికి తెలియవనియు, ఆ తెలియమియే తన పొలమనియు అతనికి బాగుగా తెలియును. దున్నక విత్తక పండు పొలమది. చదువుకొన్నవారు సిగ్గుపడవలసిన సంగతిని రాయ్ ఇంత సున్నితముగా చూపెను.

దీనికి తార్కాణమైన ఘట్టమొకటి కలదు. సమీపమున నొక గ్రామమువారు తమయూరికి కలరా సోకకుండ శాంతి చేయింపవలెనని గంగాచరణుని పిలిచిరి. అతడు కావలసిన వస్తువుల పట్టిక చెప్పెను. దేవతకు కావలసినవానితో పాటు తన యింటికి కావలసినవియు అందులో చేరెను. ఆ పిదప అతడు ఇంట ఆరోగ్యశాస్త్ర పుస్తకమును తిరుగవేసి, కలరా ఎట్లు వ్యాపించునో చదివికొనెను. శాంతి ముగించి, నదినీరు త్రాగరాదు, ఈగలు వ్రాలిన పదార్థములు తినరాదు అని గ్రామస్థులకు బోధించెను. చూచువారు నవ్వుదురు. కాని ఆలోచించినచో ఇది వట్టి హాస్యము కాదు. మంత్రము పేరు చెప్పనిచో ఆ జనులు ఈగల మాట వినియుండరు. ఈగల మాట చెప్పనిచో మంత్రము వారిని కాపాడియుండదు. మోసమును మేలును ఒకే మనిషిలో ఇట్లు పెనవేసి చూపుట సామాన్యమైన పని కాదు. గంగాచరణునిలో మంచి పంతులు కూడ ఒకడు నిద్రించుచున్నాడని మనకు ఇచ్చట తెలియును. అతడెప్పుడు మేలుకొనును అనునదియే తక్కిన కథ.

ఇంతలో యుద్ధము ఊరిలోనికి వచ్చెను. ఎట్లు వచ్చెను? దుకాణములోనుండి వచ్చెను. మొదట కిరసనాయిలు దొరకలేదు. ఆ తరువాత బియ్యపు ధర కొద్దిగా పెరిగెను. సంతకు పోయివచ్చిన ప్రతివాడును క్రొత్త ధర చెప్పుచుండెను. జపానువారు సింగపూరును పట్టిరట, బర్మాను పట్టిరట. ఆ దేశములెక్కడనున్నవో ఊరిలో సరిగా తెలిసినవారు లేరు. దొరలకును జపానువారికిని యుద్ధము జరిగినచో ఇచ్చటి గంపలోని బియ్యము ఏల తరుగవలెను? ఈ ప్రశ్నకు సమాధానము పంతులుకును తెలియదు. ఊరంతటికి సమాధానములు చెప్పిన మనిషి మొట్టమొదటిసారిగా మాటలు వెదకికొనెను.

ఆ సమాధానమును నేటి పాఠకుడు తెలిసికొనవలెను. 1942 ఫిబ్రవరి 15వ తేదీన సింగపూరు, మార్చి 8వ తేదీన రంగూను జపాను సేనల వశమైనవి. బర్మానుండి వంగదేశమునకు వచ్చు బియ్యము నిలిచిపోయెను. ఆ సంగతి మనవారికిని తెలియనిది కాదు. రంగూనులో పొట్టపోసికొనుచుండిన తెలుగువారు వేలకొలదిగా అడవులు కొండలు దాటి కాలినడకను స్వదేశమునకు వచ్చిరి. దారిలో మరణించినవారును పెక్కురు. ఏప్రిల్ 6వ తేదీన జపాను విమానములు విశాఖపట్టణముపైనను కాకినాడపైనను బాంబులు వేసెను. శత్రువు సముద్రపుటంచున దిగునను భయమున ఆంగ్లప్రభుత్వము వంగదేశపు తీరజిల్లాలలో వాని చేతికి ఏమియు చిక్కరాదని నిశ్చయించి, అచ్చటి ధాన్యమును తరలించెను; పదిమందిని మించి మోయగల పడవలను వేలసంఖ్యలో స్వాధీనము చేసికొనుటయో ధ్వంసము చేయుటయో చేసెను. అది నదుల దేశము. పడవయే అచ్చట బండి, పడవయే దారి, జాలరికి పడవయే పొలము. ఆ యేడే అక్టోబరు 16న మేదినీపుర ప్రాంతమును పెనుగాలి, సముద్రపు ఉప్పెన ముంచివేసెను. వరిపైరునకు తెగులు పట్టెను. రాష్ట్రములు తమ ధాన్యమును పొలిమేర దాటనీయక కట్టుదిట్టములు చేసికొనెను. యుద్ధపు పనులు సాగవలెను గనుక కలకత్తాలోని శ్రామికులకు ఏ ధరకైనను బియ్యము కొని నిలువచేసిరి. ఇవియన్నియు చూచి, ధర ఇంకను పెరుగునని వర్తకులు, కలవారు ధాన్యమును దాచిరి. దాచినకొలది ధర పెరిగెను, పెరిగినకొలది దాచిరి.

కలకత్తాలో 1942 డిసెంబరున మణుగు బియ్యము పదుమూడు పదునాలుగు రూపాయలుండెను. 1943 మార్చికి ఇరువదియొక్క రూపాయి. మే నెలలో ముప్పది దాటెను. ఆగస్టున ముప్పదియేడు. వంగదేశపు మణుగు మన పూర్వపు మణుగు వంటిది కాదు. సుమారు ముప్పదియేడు కిలోల తూకము. తన పొలము పండించుకొని తినువాడు ఈ ధరలను ఏలాగో తట్టుకొనెను. కూలివాడు, జాలరి, క్షౌరము చేయువాడు, కుండలు చేయువాడు తట్టుకొనలేకపోయిరి. వారి కూలి పెరుగలేదు. బియ్యము దేశమునుండి మాయము కాలేదు. వారి చేతికందని యెత్తునకు లేచిపోయెను.

ఈ తుదిమాటను శాస్త్రప్రకారము నిరూపించినవాడు అమర్త్యసేన్. కరవునాటికి ఆయన శాంతినికేతనమున చదువుకొనుచుండిన పదేండ్ల లోపు బాలుడు. బక్కచిక్కిన జనులు ఆ దారిని పోవుట కన్నులార చూచెను. 1981లో ప్రకటించిన గ్రంథమున ఆయన లెక్కలు తీసి చూపెను: 1943లో వంగదేశమున లభ్యమైన ధాన్యము, అంతకుముందటి ఐదేండ్ల సగటు కంటె సుమారు నూటికి ఐదుపాళ్లు మాత్రమే తక్కువ. కరవు లేని 1941వ సంవత్సరము కంటె అధికము కూడ.

రాయ్ చిత్రమున ఈ లెక్కలేవియు లేవు. సెన్సారువారి వలెనో పండితుల వలెనో తెరమీదికి వచ్చి ఎవరును ఉపన్యసింపరు. కరవంతయు అనంగ వంటింటి కొలతలోనే మనకు కనబడును. కుండలో బియ్యమెంత, పిడికెడా రెండు పిడికెళ్లా అను విచారమే చరిత్ర యంతయు. నవల చదువునప్పుడు ధర పెరిగెనను వాక్యమును చదివి పుట త్రిప్పుదుము. తెరపై ఒక యిల్లాలు ఖాళీయైన పాత్రవంక చూచి, భర్త చూడకమునుపే దానిని మరుగుపరచినచో పుట త్రిప్పుటకు వీలు లేదు. నవలనుండి చిత్రము తీయుట యనగా కథను మరల చెప్పుట కాదని ఇట్టి చోట్ల తెలియును.

గంగాచరణుడు డబ్బు చేతబట్టుకొని అంగడికి పోయెను. అచ్చట జనులు తిరుగబడి బియ్యము దోచుచుండిరి. చేతులు జోడించి నిలువబడెడి జనమే అతనిని త్రోసికొని పోయెను. అతడు రిక్తహస్తములతో ఇల్లు చేరెను. అతని శాస్త్రము, అతని జందెము, అతని డబ్బు కూడ ఆనాడు పిడికెడు బియ్యము తేలేదు.

అప్పుడు అనంగ ఒక మాట చెప్పెను. ఇరుగుపొరుగు స్త్రీలతో కూడి వడ్లు దంచుటకు పోయెదను, కూలిగా బియ్యమిత్తురు అని. పంతులుగారి భార్య కూలికి పోవుటయా! గంగాచరణుని మొగము చిన్నబోయెను. వలదని అతడు గట్టిగా చెప్పలేకపోయెను. పొమ్మని నోరార చెప్పలేకపోయెను. అనంగ పోయెను. కాలితో త్రొక్కి దంచెడి ఆ బరువైన రోకలి దగ్గర ఆమె నిలిచినప్పుడు ఆమె ముఖమున అవమానము లేదు. మర్యాద యనునది తన భర్త పంచెలో లేదని, పొయ్యిలో నిప్పు ఉండుటలోనే యున్నదని ఆమె భర్తకంటె ముందు గ్రహించెను. కొన్నాళ్లకు దంచుటకు వడ్లు కూడ లేకపోయెను. స్త్రీలు అడవికి పోయి దుంపలు త్రవ్వుకొన మొదలిడిరి.

పొరుగున ఛుట్కి యను స్త్రీ కలదు. అనంగకు చెలికత్తె. ఆమె ఆకలికి తాళలేక, బియ్యము పెట్టెదనన్న ఒక పరాయివానితో ఊరు విడిచి పోయెను. వాని ముఖము కాలి వికృతమైయుండును. మొదట వానిని చూచి ఆమె జడిసి పారిపోయినది. ఆమెను గూర్చి కఠినముగా మాటలాడుట సులభము. చిత్రము అట్టి మాట ఒక్కటియు ఆడదు. పాఠకులును ఆడకుందురు గాక.

దీనబంధు భట్టాచార్యుడను వృద్ధ బ్రాహ్మణుడొకడు ఈ కథలో మాటిమాటికి వచ్చుచుండును. మొదట దారిలో గంగాచరణుని కలిసికొని, కలరా శాంతికి లభించిన బియ్యములో కొంత యడిగెను. ఆ పిమ్మట ఇంటికే వచ్చెను. దుర్భిక్షమున అధికమాసమను సామెత ఇట్టివానిని చూచియే పుట్టియుండును. మనిషి పిసరంత, ఆకలి కొండంత, మాట తేనె. గంగాచరణునకు అతనిని చూచిన ఒళ్లు మండును. దీనబంధువను పేరు అడుగువానికి ఉండుట కూడ ఒక చమత్కారమే. అనంగ మాత్రము అతనిని కూర్చుండబెట్టి తనవంతు అన్నము వడ్డించెను. పంతులు గొణగికొనెను. రేపటి మాట ఏమని అడిగెను. ఆ ప్రశ్న తప్పు కాదు. ఇంట రెండు పొట్టలుండ, మూడవవానికి పెట్టినచో ఒకరు పస్తుండవలసినదే. ఆ ఒకరు ఎవరో అనంగ ముందే నిశ్చయించుకొని యుండెను. ఇట్టి యిల్లాండ్రను మనమందరము ఎరుగుదుము. వారు తినినారో లేదో మనము అడుగము.

ఈ చిత్రమును చూచిన విమర్శకులు కొందరు ఒక ఆక్షేపణ తెలిపిరి. కరవు కథకు ఇన్ని రంగులేల? తెరపై ఇంత పచ్చదన మేల? ఎండిన బీళ్లు, నెరలు విచ్చిన చెరువులు ఉండవలదా? ఆక్షేపించినవారు కరవనగానే అనావృష్టిని తలచికొనిరి. రాయ్ చూపదలచినది వేరు. అనావృష్టిచేత వచ్చిన కరవు కాదిది. చెట్లు పచ్చగానే యున్నవి, వానలు కురియుచునే యున్నవి, సీతాకోకచిలుకలు ఎగురుచునే యున్నవి, వాని నడుమ మనుష్యులు చచ్చిరి. ప్రకృతి తన పని తాను చేసినది, తప్పినది మనుష్యులే. ఛాయాగ్రాహకుడు సౌమేందు రాయ్ చూపిన ఆ పచ్చదనము కనులకు ఇంపుగా నుండుటచేతనే మనసునకు దుస్సహముగా నుండును. నల్లని నేలను చూపి కంటతడి పెట్టించుట తేలిక. పచ్చని నేలపై పడియున్న మనిషిని చూపినచో కోపము వచ్చును. ఆ కోపమే సరియైనది.

అట్లు పచ్చని చెట్టునీడన పడిపోయినది మోతి. ఆమె అనంగకు పూర్వపు ఊరిలో పరిచితురాలు. అంటరానివారని ఎంచబడిన కులమున పుట్టినది. తినుటకేమైన దొరకునేమోయని నడచివచ్చి, అడుగు వేయలేక ఊరివెలుపల చెట్టుక్రింద పరుండెను. అనంగ తనకున్న దానిలో కొంత తెచ్చి ఆమె దగ్గర ఉంచెను. తినుటకు మోతికి శక్తి చాలలేదు. అంతవరకు ఆకలి యనగా బాధ యని ఊరివారు తలచిరి. అన్నము లేక మనిషి నిజముగా చచ్చిపోవునని ఆనాడు చూచిరి.

గంగాచరణుడు వచ్చి ఆమె ప్రక్కన కూర్చుండి, ఆమె మణికట్టు పట్టుకొని నాడి చూచెను. ఎంత చిన్న పని! వైద్యుడు రోగి చేయి పట్టుకొనుటలో విశేషమేమున్నది? కాని ఆ చేతిని పట్టుకొన్నచో స్నానము చేయవలెనని నేర్చుకొన్న కుటుంబమున పుట్టినవాడతడు. అట్టి నియమములను పదిమందికి బోధించి పొట్టపోసికొన్నవాడు. ఎవరును నేర్పలేదు, ఎవరును బలవంతము చేయలేదు. నాడి ఆడుచున్నదో లేదో తెలిసికొనవలెను, అంతే. నాడి లేదు. ఆ కులమువారి శవమును ముట్టుటకు ఎవరును రారు, అట్లే వదలినచో నక్కలు పీకికొని తినును. ఆమెకు జరుగవలసినది తానే జరిపింతునని అతడు నిశ్చయించుకొనెను. కలరా శాంతి చేసిననాటి పట్టిక వంటి పట్టిక ఈ దినమున అతడు చెప్పలేదు. దక్షిణ యిచ్చువారు ఎవరును లేరు. అతనిలో నిద్రించుచుండిన పంతులు ఇచ్చట మేలుకొనెను.

1973లో బెర్లిను చలనచిత్రోత్సవమున ఈ చిత్రమునకు ప్రథమ బహుమానమైన స్వర్ణభల్లూకము లభించెను. ఆ యుద్ధపు మంటను ఐరోపాలో రగిల్చిన నగరమది. వేలకొలది మైళ్ల దూరమున, ఆ నగరపు పేరైనను వినని పల్లెలో ఆ మంట ఏమి చేసినదో అచ్చటి ప్రేక్షకులు కూర్చుండి చూచిరి.

ఆ కరవున ఎందరు మరణించిరి? ప్రభుత్వము నియమించిన విచారణ సంఘము 1945లో సుమారు పదునైదు లక్షలని తేల్చెను. పిదప లెక్కించినవారు ఇరువది లక్షలనుండి ముప్పది లక్షల వరకు చెప్పిరి. చిత్రపు తుదివాక్యము ఏబది లక్షలకు పైగా అనును. మనుష్యులు తెచ్చిపెట్టిన కరవు అని కూడ అనును. ఇన్ని లెక్కలుండుటయే ఒక సాక్ష్యము. ఊరి పొలిమేరలో, రైలుకట్టప్రక్కన, పేరడుగువారు లేక పోయినవారిని లెక్కించుట యెట్లు? మోతిని ఏ పట్టికలో ఎవరు వ్రాసిరి? ఆమె కల్పితపాత్ర యన్న మాట నిజమే. అట్టివారు లక్షలమంది యుండిరన్న మాటయు నిజమే.

ఇక చివరి ఘట్టము. దూరమున బాటపై కొందరు నడచి వచ్చుచున్నారు. ముందు దీనబంధు భట్టాచార్యుడు; వెనుక అతని కుటుంబము, పెద్దలు, పిల్లలు. ఈసారి అతడు ఒంటరిగా రాలేదు. తనను నమ్మినవారినందరిని వెంటబెట్టుకొని గంగాచరణుని గడపకు వచ్చుచున్నాడు. పంతులు వారిని చూచెను. పూర్వమైనచో గొణగియుండును, తలుపు మూసియుండును. ఇప్పుడు అతడు వచ్చువారిని లెక్కించెను. ఇంతవరకు ఇద్దరముంటిమి, ఇక పదిమందిమి కాబోవుదుమని భార్యతో అనెను. ఆ మాటలో విసుగు లేదు. అనంగ ఆ లెక్కను సవరించెను. తాను గర్భవతి, కావున మరియొకరిని కూడ చేర్చవలెను.

వారి వెనుక, ఆకాశపుటంచున, నల్లని నీడలవలె మరికొందరు కనబడుదురు. ఆ వెనుక మరికొందరు. నీడల బారు పెరుగుచునే యుండును, తెర నిండును. వారందరు ఎవరి గడపకు పోవుచున్నారో చిత్రము చెప్పదు.